వేసవి నిమ్మ రేటు అందాలంటే పూత ఎప్పుడు, ఎలా తెప్పించాలి?

పొదలకూరు_నిమ్మ

అందరికీ నమస్కారం. పొదలకూరు పక్కన ఎర్ర గరప (ఇసుక పాలున్న) నేలలో 3 ఎకరాల నిమ్మ తోట. 6 మీటర్ల ఎడంలో 330 చెట్లు, ఎనిమిదేళ్ల వయసు. డ్రిప్పు ఉంది, బోరు ఒకటే. కాపు బాగానే ఉంది గానీ వచ్చే వేళే బాగాలేదు. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కాయ విరగకాస్తుంది, డిసెంబర్‌లో మళ్లీ కొంత. అప్పుడు బస్తా రేటు చూస్తే కోత కూలి కూడా గిట్టదు. ఏప్రిల్, మేలో రేటు ఆకాశంలో ఉన్నప్పుడు చెట్టు మీద వెతికినా కాయ దొరకదు.

నీళ్లు ఆపి బెట్ట పెట్టమని కొందరు, మందు కొట్టమని కొందరు అంటున్నారు. రెండూ చేయాలా, ఒకటి చాలా? ఏ నెలలో ఏది? డిసెంబర్ కాయను కోల్డ్ స్టోరేజీలో పెట్టి మార్చిలో అమ్మడం కుదిరే పనేనా? తెలిసినవాళ్లు మోతాదులతో సహా చెప్పండి.

తోటబడి

మందుల సంగతికి ముందు చెట్టు లెక్క చూద్దాం. నిమ్మ ఏడాదిలో మూడు దఫాలు పూస్తుంది. జనవరి, ఫిబ్రవరిలో వచ్చే పూతను అంబే బహార్ అంటారు. కాపులో దగ్గర దగ్గర 60 శాతం దీనిదే, మీకు జూలై నుంచి విరగకాసేది ఇదే. జూన్, జూలై పూత మృగ్ బహార్, మన మృగశిర కార్తె పేరే. అది 30 శాతం, చలికాలంలో కోతకొస్తుంది. మిగిలిన 10 శాతం హస్త బహార్, హస్త కార్తె అటూ ఇటూగా సెప్టెంబర్, అక్టోబర్‌లో పూసేది. వేసవి రేటు పట్టుకునేది ఈ పదిశాతం కాయే. కాబట్టి మీ పని ఒక్కటే: జూన్ పూతను తగ్గించి, ఆ బలాన్ని అక్టోబర్ పూతకు మళ్లించాలి.

పూత నుంచి కోతకు 150 నుంచి 180 రోజులు. అక్టోబర్ మొదటి వారంలో పూస్తే మార్చి నెలాఖరుకు కాయ చేతికొస్తుంది. నవంబర్ పదో తేదీ దాకా పూసినా మే మొదటి పక్షంలో అందుతుంది. నవంబర్ నెలాఖరు పూత కాయ మే చివర్లో, జూన్‌లో వస్తుంది, అప్పటికి రేటు దిగడం మొదలవుతుంది.

పరిశోధన స్థానాలు సిఫార్సు చేసిన పద్ధతిలో మూడు పిచికారీలు ఉన్నాయి.

జూన్‌లో జిబ్బరెల్లిక్ ఆమ్లం 50 పీపీఎం, అంటే లీటరు నీటికి 50 మిల్లీగ్రాములు, 100 లీటర్లకు 5 గ్రాములు. ఇది పూత తెప్పించదు, ఆపుతుంది. జూన్ పూత బదులు చిగురు వస్తుంది, ఆ చిగురు ముదిరి అక్టోబర్‌లో పూసే కొమ్మ అవుతుంది. చాలామంది దీన్ని పూత మందు అనుకుని సెప్టెంబర్‌లో కొట్టి ఉన్న పూతను కూడా పోగొట్టుకుంటారు.

సెప్టెంబర్ మొదటి పక్షంలో సైకోసెల్ 1000 పీపీఎం. క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ 50 శాతం ద్రావణమైతే లీటరుకు 2 మి.లీ. ఇది చిగురు పెరుగుదలను నిలేసి చెట్టును పూత వైపు తిప్పుతుంది.

అక్టోబర్‌లో పొటాషియం నైట్రేట్, అంటే 13-0-45, ఒక శాతం. లీటరుకు 10 గ్రాములు. మొగ్గ పగలడానికి ఇది.

మీ వయసు చెట్టు నిండా తడవాలంటే 8 లీటర్ల ద్రావణం కావాలి. ఎకరాకు 110 చెట్లంటే 900 లీటర్లు. దీన్ని 400 లీటర్లతో సరిపెట్టి, మందు పనిచేయలేదని అంటారు. సరిపెట్టాలనిపిస్తే మందు కొట్టే చెట్లు తగ్గించుకోండి, ద్రావణం తగ్గించకండి.

మండీ_లెక్క

చెట్టు సంగతి తోటబడి గారు చెప్పారు. నేను మార్కెట్ యార్డు వైపు నుంచి చెప్తా.

నిమ్మ రేటును తిప్పేవి రెండు: ఉత్తరాది ఎండ, ఉత్తరాది చలి. గూడూరు, పొదలకూరు, రాపూరు కాయ ఎక్కువగా ఎక్కేది ఢిల్లీ వైపు లారీలే. అక్కడ చలి ఉన్నన్నాళ్లూ నిమ్మరసం తాగేవాడు లేడు. మనకు అదే వేళకు మృగ్ కాయ దిగుతుంది. గిరాకీ లేనప్పుడు సరుకు ఉండడం, గిరాకీ ఉన్నప్పుడు సరుకు లేకపోవడం, నిమ్మ రైతు కష్టమంతా ఇక్కడే ఉంది. ఫిబ్రవరి సగం నుంచి రేటు కదులుతుంది, ఏప్రిల్, మేలో శిఖరానికి చేరుతుంది, ఉత్తరాదిన వాన పడగానే దిగుతుంది. కర్ణాటకలో విజయపుర జిల్లా ఇండి కాయ, మహారాష్ట్ర, గుజరాత్ కాయ కూడా అదే మార్కెట్లకు వెళ్తుంది. కాబట్టి మన దగ్గర కాపు తగ్గినంత మాత్రాన రేటు పెరగదు, అక్కడ కూడా తగ్గాలి.

2022 ఏప్రిల్ గుర్తుందిగా. కిలో 200 దాటి, చిల్లరలో ఒక్క కాయ పది రూపాయలు పలికింది. అంతకు ముందు 2021 నవంబర్‌లో నెల్లూరు, చిత్తూరు, కడప జిల్లాల్లో కురిసిన కుండపోతకు హస్త పూత, పిందె చాలా తోటల్లో రాలిపోయింది. ఏప్రిల్ 3న రంజాన్ నెల మొదలైంది, ఎండలు ముందే ముదిరాయి. మూడూ ఒకచోట కలిశాయి. ఆ రేటు ఏటా వస్తుందని లెక్క వేసుకుంటే మోసపోతారు. రంజాన్ నెల ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారానికి వచ్చేసింది. ఇక కొన్నేళ్లపాటు ఇఫ్తారు గిరాకీ చలికాలపు కాయకు కలిసొస్తుంది, ఏప్రిల్ కాయకు కాదు. కొనేవాళ్లు ఇది లెక్కేసుకునే వేలం పాట పాడతారు, మనమూ లెక్కేసుకోవాలి.

తక్కువ రేటులో చేతికి ఏం మిగులుతుందో ఒక ఉదాహరణ. కిలో 10 రూపాయలు పలికిందనుకోండి. కోత కూలి కిలోకు 3, బస్తా, బాడుగ కలిపి ఒకటిన్నర, కమీషన్ పది శాతమైతే 1, హమాలీ, తరుగు కలిపి అర్ధ రూపాయి. మీకు మిగిలేది 4. అదే కాయ 60 పలికితే కూలి, బాడుగ మారవు, కమీషన్ 6 అవుతుంది, తరుగు కాస్త పెరుగుతుంది. 48 దాకా చేతికొస్తుంది. రేటు ఆరింతలైతే చేతికొచ్చేది పన్నెండింతలు. అందుకే వేసవిలో చెట్టుకు 15 కిలోలే కాసినా వానాకాలం 40 కిలోల కంటే నయం.

కోత విషయం ఒకటి. ఢిల్లీ లారీకి మూడు నాలుగు రోజుల ప్రయాణం. పసుపు తిరిగిన కాయ అక్కడికి చేరదు, చెన్నైకో, ఊళ్లోకో పోతుంది. పాటలో ముందు వేరుచేసేది దాన్నే. ముదురు ఆకుపచ్చ పోయి లేత ఆకుపచ్చలోకి మారి, తోలు గరుకు తగ్గి నునుపెక్కిన కాయ సరైన అదను. గట్టిగా ఉన్న పచ్చికాయ తోలు మందం, రసం ఉండదు. కిలోకు 20 నుంచి 25 కాయలు తూగేదే మొదటి రకం.

నకిరేకల్_చలక

బెట్ట గురించి అడిగారు గాబట్టి రాస్తున్నా. మా నల్గొండ వైపు చలకల్లో అక్టోబర్ తర్వాత వానలు తక్కువ. ఇక్కడ బెట్ట చెప్పినట్టు వింటది. నెల్లూరులో సంగతి వేరన్నా. ఈశాన్య రుతుపవనాలు అక్టోబర్ 20 ప్రాంతానికి వచ్చేస్తయి. మీరు అక్టోబర్‌లో బెట్ట పెడదామనుకుంటే ఒక్క వానకు అంతా పోతది. మీకు కుదిరేది ఆగస్టు చివర మొదలుపెట్టి సెప్టెంబర్ మూడో వారానికి విడిచేయడమే. మధ్యలో వాన పడితే ఆ ఏడు బెట్ట మీద ఆశ వదిలి సైకోసెల్‌నే నమ్ముకోండి.

ఇసుక పాలున్న నేలల్లో 15 నుంచి 20 రోజులు, నల్లరేగడిలో 25 నుంచి 30 రోజులు. కానీ రోజులు లెక్కబెట్టడం కంటే ఆకును చూడాలె. మధ్యాహ్నం ఆకు ముడుచుకోవడం మామూలే, దాన్ని చూసి బెట్ట అయిందనుకోవద్దు. పొద్దున ఆరు గంటలకు తోటలకు పోయి చూడండి. రాత్రి చల్లదనానికి ఆకు తిరిగి విచ్చుకుంటే ఇంకా టైముంది. తెల్లారినా ఆకు దొప్పలా ముడుచుకునే ఉండి, రంగు వెలిసి, పట్టుకుంటే తోలులా మెత్తబడి ఉంటే చెట్టు సరిపడా ఎండినట్టు. పావు వంతు ఆకు పండి రాలినంక ఒక్కరోజు కూడా ఆగొద్దు. ఆ పైన ఎండబెడితే పుల్లలు ఎండుతయి, బంక కారే చెట్లైతే ఏకంగా చచ్చిపోతయి.

విడిచేటప్పుడే ఎక్కువమంది తప్పు చేస్తరు. కరువు తీరేలా ఒకేసారి పాది నింపితే చెట్టు ఉలిక్కిపడి ఒట్టి చిగురు వేస్తది, వచ్చిన మొగ్గ కూడా రాలుతది. ముందు పాదులు పైపైన తవ్వి, పశువుల ఎరువు, వేపపిండి, రసాయన ఎరువు వేసి మట్టి కప్పి, మొదటి తడి సగమే ఇవ్వండి. నాలుగైదు రోజులకు రెండోది ముప్పావు. మూడో తడి నుంచే నిండుగా. పాదు తవ్వేటప్పుడు లోతు పోవద్దు, నిమ్మకు నీళ్లు పీల్చే వేర్లు పైన జానెడు లోతులోనే ఉంటయి.

పొదలకూరు_నిమ్మ

చాలా వివరంగా రాశారు, అందరికీ ధన్యవాదాలు. మూడు సందేహాలు మిగిలాయి.

ఒకటి, ఇక్కడ కొట్లో జిబ్బరెల్లిక్ ఆమ్లం లీటరు సీసా ఇచ్చారు, దాని మీద 0.001 శాతం అని ఉంది. 50 పీపీఎం రావాలంటే లీటరుకు ఎంత కలపాలి? రెండు, చెట్టు మీద ఇంకా అంబే కాయ ఉంటే బెట్ట పెట్టొచ్చా? మూడు, బోరు గంటకు 5,000 లీటర్లు పోస్తుంది, మార్చి తర్వాత 4,000కు పడిపోతుంది. మొత్తం 3 ఎకరాలూ ఒకేసారి చేయాలా?

తోటబడి

ఆ సీసా వెనక్కి ఇచ్చేయండి. 0.001 శాతమంటే లీటరులో 10 మిల్లీగ్రాములు. నీళ్లు చుక్క కూడా కలపకుండా కొట్టినా 10 పీపీఎం దాటదు. 50 ఎక్కడినుంచి వస్తుంది? అది వేరే పంటలకు, వేరే పనికి. మీకు కావలసింది 90 శాతం పైన శుద్ధత ఉన్న పొడి, లేదా నీళ్లలో కరిగే 40 శాతం గుళిక. గుళికైతే 100 లీటర్లకు 12.5 గ్రాములు. పొడి నేరుగా నీళ్లలో కరగదు, గడ్డకట్టి అడుక్కి పోతుంది. 5 గ్రాముల పొడిని 50 మి.లీ. స్పిరిట్‌లో పూర్తిగా కరిగించి, ఆ ద్రావణాన్ని డ్రమ్ములోకి సన్నగా పోస్తూ కలపాలి. కలిపిన రోజే కొట్టేయాలి. సాయంత్రం పూట మేలు. ఆరు గంటల్లోపు వాన పడే సూచన ఉంటే ఆపేయండి.

అంబే కాయ ఉండగా బెట్ట పెట్టకూడదు. కాయ సైజు ఆగి, మెత్తబడి, ఉన్న పంటా పోతుంది. ఆగస్టు ఇరవై లోపు కాయ మొత్తం దించేయాలి, రేటు తక్కువైనా సరే. అడుగు కొమ్మల్లో, లోపల ఆకుల చాటున మిగిలిన కాయలు కూడా. కాయ మోస్తున్న కొమ్మ పూతకు రాదు.

నీళ్ల లెక్క అన్నిటికంటే ముఖ్యం. వేసవి కాపు ఉన్న చెట్టుకు మార్చి నుంచి మే దాకా రోజుకు 80 నుంచి 100 లీటర్లు కావాలి. 90 అనుకున్నా 330 చెట్లకు దాదాపు 30,000 లీటర్లు. గంటకు 4,000 పోసే బోరు ఏడున్నర గంటలు ఆగకుండా తోలాలి. కాగితం మీద 9 గంటల కరెంటుకు సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ మోటారు కాలినా, బోరు ఇంకాస్త తగ్గినా ఏప్రిల్‌లో కాయ గోళీ సైజులో ఆగిపోతుంది, కిలోకు 40 తూగుతుంది. ఇంత కష్టపడి శిఖరం రేటుకు మూడో రకం కాయ తీసుకెళ్లినట్టవుతుంది.

అందుకే ఒకటిన్నర ఎకరమే చేయండి, మిగతాది మామూలు కాపుకు వదలండి. వచ్చే ఏడు మార్చండి. వరసగా ప్రతి ఏడూ అదే చెట్టును బెట్ట పెట్టి, మందు కొట్టి, వేసవిలో కాయించి పిండితే నాలుగైదేళ్లలో చెట్టు చితికిపోతుంది. ఒకవేళ నవంబర్ వాన హస్త పూతను కొట్టేసినా సగం తోటలో అంబే కాపు మీకు ఉంటుంది.

పిందె నిలబెట్టుకోవడం గురించి కూడా చెప్పాలి. నవంబర్ ముసుర్లకు పిందె రాలుతుంది. బఠాణీ గింజ సైజులో ప్లానోఫిక్స్ 4.5 లీటర్ల నీటికి 1 మి.లీ. చొప్పున కొట్టండి, అంటే 10 పీపీఎం. పాదుల్లో నీళ్లు నిలవకుండా కాలువ తీయండి. నీళ్లు రెండు రోజులు నిలిస్తే ఏ మందూ రాలుడు ఆపదు.

అదే ముసుర్లో గజ్జి తెగులు కూడా దూకుతుంది. కాయ మీద గరుకు మచ్చలు పడితే మార్కెట్లో మొదటి రకం నుంచి నేరుగా చివరికి పోతుంది. దానికి ముందు ఆకు తొలిచే పురుగును చూడాలి. ఆ పురుగు గీసిన వెండి గీతల్లోంచే గజ్జి లోపలికి వెళ్తుంది. ఎండిన, గజ్జి పట్టిన పుల్లలు ఆగస్టు కోత తర్వాతే కత్తిరించి కాల్చేయండి. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు చిగురు వచ్చిన ప్రతిసారీ. పాత పుస్తకాల్లో దీనితో స్ట్రెప్టోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ కలపమని ఉంటుంది, 2024 నుంచి పంటల మీద దాని వాడకం నిషేధం. ఎవరైనా ఇస్తే తీసుకోకండి.

మండీ_లెక్క

కోల్డ్ స్టోరేజీ ప్రశ్న మిగిలిపోయింది. డిసెంబర్ కాయ మార్చి దాకా ఆగదు. బాగా కుదిరితే ఆరు నుంచి ఎనిమిది వారాలు, అది కూడా 8 నుంచి 10 డిగ్రీల చలిలో, 85 నుంచి 90 శాతం తేమలో. ఇక్కడ దొరికేవి ఎక్కువ మిర్చి కోల్డ్ స్టోరేజీలు. మిర్చి ఎండు సరుకు, దానికి చలి ఎక్కువ పెడతారు, తేమ తక్కువ ఉంచుతారు. నిమ్మకు రెండూ కీడే. 7 డిగ్రీలకు దిగితే తోలు మీద చిన్న చిన్న గుంటలు పడి గోధుమరంగుకు తిరుగుతాయి. లోపలున్నంతసేపు ఏమీ తెలియదు. బయటకు తీసిన రెండో రోజు బస్తా విప్పితే సగం కాయ మచ్చలే. పైగా తేమ లేక కాయ ఎండి తూకం పోతుంది. నిమ్మకు వేరే గది, వేరే చలి ఉందని చూపించిన చోటే పెట్టండి. అదీ జనవరి కాయను ఫిబ్రవరి చివరికి, మార్చి మొదటికి తేవడానికే పనికొస్తుంది. పసుపు తిరిగిన కాయ అసలు పెట్టకండి. దాన్ని పచ్చళ్ల వాళ్లు తీసుకుంటారు, పలుచని తోలు, రసం ఉన్న పండు వాళ్లకు కావాలి. డిసెంబర్, జనవరిలో యార్డు రేటు కంటే వాళ్లతో నేరుగా మాట్లాడుకుంటే నాలుగు రూపాయలు ఎక్కువే వస్తాయి.

నిల్వకైనా, ఢిల్లీకైనా మంచు మీద కోయకండి. పొద్దున్నే తడిగా ఉన్న కాయను పట్టి లాగితే తోలులో నూనె తిత్తులు చిట్లుతాయి. ఆ నూనె తోలు మీద పాకి, మరుసటి రోజుకు వేలిముద్రలంత గోధుమ మచ్చ తేలుతుంది. కూలీలు ఆరింటికే వస్తామంటారు. గడ్డి కోత, పాదు పని ముందు చెప్పి, ఎండ తగిలి ఆకు ఆరాక, తొమ్మిది దాటాక కోత పెట్టించండి. కాయ మెలితిప్పి కోయాలి, తొడిమ బొడిపె కాయకే ఉండాలి. అది ఊడొస్తే ఆ చిల్లులోంచే కుళ్లు మొదలవుతుంది, బస్తాలో ఒక కాయ కుళ్లితే చుట్టూ పదిని తడిపేస్తుంది.

నకిరేకల్_చలక

ఒక మాట మర్చిపోయిన. కొత్తగా చెట్లు పెట్టే ఆలోచన ఉంటే బాలాజీ రకం చూడండి, తిరుపతి పరిశోధన స్థానం ఇచ్చింది, గజ్జిని కొంత తట్టుకుంటది. మీ వైపే వెంకటగిరి దగ్గర పెట్లూరు నిమ్మ పరిశోధన స్థానం ఉంది. బెట్ట పెట్టే ముందు అక్కడికి పోయి, మీ నేల ఎన్ని రోజులు తట్టుకుంటదో అడిగి రండి. గరప నేల అన్నరు గానీ, కింద రాయి ఎంత లోతున ఉందో దాన్ని బట్టి ఐదు రోజులు అటూ ఇటూ అవుతది.

పొదలకూరు_నిమ్మ

ఒకటిన్నర ఎకరం, ఉత్తరం వైపు 165 చెట్లు చేస్తాను. ఆ వైపు రెండు అడుగులకే రాయి తగులుతుంది, కాబట్టి బెట్ట 15 రోజుల దగ్గరే రోజూ పొద్దున ఆకు చూస్తూ ఉంటాను. సీసా వెనక్కి ఇచ్చేశాను, 40 శాతం గుళిక తెప్పించమన్నాను. 165 చెట్లకు 1,320 లీటర్లు, 165 గ్రాములు. లెక్క సరేనా?

తోటబడి

సరే. డ్రమ్ము అడుగున మిగిలేది, గొట్టంలో ఉండిపోయేది కలుపుకుని 175 తెప్పించండి.